మంచం పట్టినవాడి కాలిబాటలు

కాలు విరిగి మంచాన పడ్డవాణ్ణి చూడ్డానికి వచ్చేవాళ్లు పండ్లు తెస్తారు, కొబ్బరిబొండాలు తెస్తారు. పుస్తకం తెచ్చేవాళ్లు తక్కువ. తెచ్చినా ధైర్యం నూరిపోసే పుస్తకమే తెస్తారు. నన్నడిగితే కొండలెక్కినవాళ్లూ, అడవుల్లో తిరిగినవాళ్లూ రాసినవి తేవాలి. నడవలేనివాడికి నడక పుస్తకమిస్తే పుండు మీద కారం చల్లినట్టు కాదా అని మా అమ్మ కూడా అన్నది. కొన్ని పుస్తకాల విషయంలో ఆమె మాట నిజమే. ఏవి కారం చల్లుతాయో, ఏవి మందు రాస్తాయో గౌలిపురలో మా ఇంటి మొదటి అంతస్తు గదిలో, దిండు మీద ఎడమకాలు ఎత్తి పెట్టుకుని ఒక వేసవంతా చదివి తెలుసుకున్నాను.

ఆ కాలు సలేశ్వరంలో చిట్లింది. మా పాతబస్తీవాళ్లకు చాంద్రాయణగుట్ట దాటితే శ్రీశైలం రోడ్డే. కల్వకుర్తి, డిండి, మన్ననూరు దాటి నల్లమలలో లోపలికి తిరిగితే సలేశ్వరం దారి. చైత్ర పౌర్ణమి ముందూ వెనకా ఆ కొద్ది రోజులే అటవీశాఖవాళ్లు జనాన్ని పోనిస్తారు. బండ్లు ఆగిపోయిన దగ్గర నుంచి రాళ్ల మీద నడక, తర్వాత రెండు కొండల నడుమ లోతైన దిగుడు. అడుగున గుండం, పైనుంచి పడే నీళ్లు, గుహలో లింగం. పూజ చేసేది చెంచులు. వస్తున్నామని లింగమయ్యకు వినబడేట్టు కేకలేస్తూ జనం దిగుతారు, పోయొస్తామని చెప్పుకుంటూ ఎక్కుతారు. పోయొస్తామని చెప్పుకునే దగ్గరే తడిరాయి మీద నా చీలమండ మడతపడింది. మా బావమరిదీ, ఊరూ పేరూ తెలియని ఇద్దరు పడుచువాళ్లూ నన్ను భుజాల మీద వేసుకుని పైకి చేర్చారు. ఇంటికొచ్చాక గల్లీలో సగంమంది పహిల్వాన్ దగ్గర పట్టీ వేయించమన్నారు, సగంమంది ఎక్స్‌రే అన్నారు. చివరికి మోకాలి కింద నుంచి వేళ్ల దాకా పిండికట్టు పడింది.

మొదట్లో నా చేతికొచ్చినవి శిఖరాల కథలు. పాకాల గ్రామం పిల్ల మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకుని, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకుండా, టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. భద్రాచలం అడవుల వైపు నుంచి వచ్చిన ఆనంద్ కుమార్ కూడా అదే జట్టులో ఎక్కాడు. నెల్లూరు జిల్లావాడు మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలనూ 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015లో ఆండీస్ పర్వతాల్లోనే ప్రాణం విడిచాడు. వీళ్ల గురించి చదువుతుంటే గుండె నిండుతుంది, అది వేరే సంగతి. కానీ బాత్రూముకు పోవడానికి మనిషి సాయం కావలసినప్పుడు, ఇన్ని రోజుల్లో ఇన్ని శిఖరాలన్న లెక్క చదివితే దిండు మీది కాలు ఇంకా బరువెక్కుతుంది. అలాంటివి కట్టు విప్పాక చదవాలి.

ఆబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లోంచి బావమరిది ఒకటి పట్టుకొచ్చాడు. మోరిస్ హెర్జోగ్ ‘అన్నపూర్ణ’. 1950 జూన్ 3న హెర్జోగ్, లాషెనాల్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు ఆ శిఖరం మీద నిలబడ్డారు. ఎనిమిది వేల మీటర్లు దాటిన శిఖరాన్ని మనిషి ఎక్కడం అదే మొదలు. ఇదీ శిఖరం కథే, కానీ నన్ను పట్టేసింది శిఖరం కాదు, దిగుడు. మంచు కొరికిన కాళ్లతో, చేతులతో ఇద్దరూ నడవలేకపోయారు. నేపాల్ వానల్లో, బురదలో, షెర్పాలూ కూలీలూ వీపుల మీద మోసుకుని దించారు. దారి పొడుగునా వైద్యుడు పాడైన వేళ్లు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాడు. పారిస్ పక్కన ఆసుపత్రిలో పడుకుని, కలం పట్టడానికి వేళ్లు లేక, హెర్జోగ్ ఆ పుస్తకాన్ని చెప్పి రాయించాడు. అంటే ఎందరో యువకులను కొండల వైపు తరిమిన పుస్తకం మంచం మీద పుట్టింది.

లాషెనాల్ సంగతి ఇంకా ముఖ్యమైనది. అతను వృత్తిరీత్యా కొండ గైడు, కాళ్లే అతని జీవనాధారం. శిఖరం దగ్గర పడుతున్నప్పుడు పాదాలకు స్పర్శ పోతున్నదని అతనికి తెలిసింది. నేను వెనక్కి తిరిగితే నువ్వేం చేస్తావని హెర్జోగ్‌ను అడిగాడు. ఒక్కణ్ణే పోతానన్నాడు హెర్జోగ్. అయితే నేనూ వస్తానన్నాడు లాషెనాల్. కాలి వేళ్లన్నీ పోగొట్టుకున్నాడు. అతని డైరీ కత్తిరింపులు లేకుండా అచ్చయింది 1996లో, అతను చనిపోయిన నాలుగు దశాబ్దాల తర్వాత. తోటివాణ్ణి ఒంటరిగా వదలలేక నడిచాడని అందులో ఉంది. హెర్జోగ్ పేరు ప్రపంచమంతా తెలుసు. నాకు మాత్రం ఆ పుస్తకంలో గొప్పవాడు లాషెనాలే. నా కట్టు చివర బయటికి కనిపిస్తున్న వేళ్లను డాక్టరు చెప్పినట్టు గంటగంటకూ ఆడించుకుంటూ ఆ మాట గట్టిగా అనుకున్నాను.

దిగుడు గురించి అంతకన్నా బాగా రాసినవాడు ఆలివర్ సాక్స్. న్యూరాలజీ డాక్టరు. 1974లో నార్వేలో ఒక కొండ మీద ఒంటరిగా తిరుగుతూ ఎద్దును చూసి పరుగెత్తి పడ్డాడు. ఎడమ తొడ ముందు కండరం తెగిపోయింది. చేతిలోని గొడుగును కాలికి బద్దలా కట్టుకుని, కూర్చున్నట్టే చేతులతో వెనక్కి నెట్టుకుంటూ గంటలకొద్దీ దిగాడు. పడవవాళ్ల పాటేదో లోపల పాడుకుంటూ ఆ వరసకు చేతులు కదిపాడు. చీకటి పడేలోపు వేటకొచ్చిన తండ్రీకొడుకులు చూడబట్టి బతికాడు. ఆ అనుభవం మీద అతను రాసిన పుస్తకంలో ఇది మొదటి భాగమే. మిగతా అంతా ఆసుపత్రిలో, ఆ కాలు తనది కానట్టు అనిపించడం గురించి. కదపమంటే ఎలా కదపాలో గుర్తు రాకపోవడం, మొదటి అడుగుకు నేల ఎత్తుపల్లాలుగా ఊగడం, ఉన్నట్టుండి మనసులో మెండెల్‌సోన్ సంగీతం మోగి నడక తిరిగి రావడం. కట్టు విప్పిన రోజు నా పిక్క చూసుకుని వేరేవాళ్లదేమో అనుకున్నప్పుడు, ఆ ముక్కలు ముందే చదివి ఉండడం ఎంత మేలు చేసిందో చెప్పలేను. ఎముక అతుకుతుందని డాక్టర్లు చెబుతారు. కాలు కాసేపు పరాయిదైపోతుందని చెప్పినవాడు ఇతనొక్కడే.

గదిలోనే ప్రయాణించవచ్చని ఒక ఫ్రెంచి రచయిత, జేవియర్ ద మేస్త్ర్, 1794లో పుస్తకం అచ్చు వేశాడు. ద్వంద్వయుద్ధం చేసినందుకు టూరిన్‌లో 42 రోజులు గృహనిర్బంధంలో ఉండి కుర్చీ నుంచి మంచానికీ, మంచం నుంచి గోడమీది బొమ్మకూ యాత్రలు చేశాడు. మంచి తెలివి ఉన్న పుస్తకం. నాకు ఎక్కలేదు. నా గది నాకు చాలినంత తెలుసు. నాకు కావలసింది బయటి నేల.

ఆ నేలను ఇచ్చింది ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. దారిలో చూసినవన్నీ రాసి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు పంపాడు. అదే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయింది. దిగవల్లి వేంకటశివరావు 1941లో పరిష్కరించి వేసిన ప్రతి ఆధారంగా వచ్చిన పుస్తకం నేను చదివింది. బడిలో పాఠంగా చదివినప్పుడు ఇందులో పస కనబడలేదు. మంచం మీద చదివితే ఒక్కో వాక్యం కాలికి తగులుతుంది. ఈ ఊరికీ ఆ ఊరికీ ఎన్ని ఆమడలు, దారి రాతినేలా ఇసుకా, దాటవలసిన వాగులెన్ని, దిగడానికి నీడ ఉందా, నీళ్లు మంచివా, అంగళ్లలో ఏమేం దొరుకుతాయి. ఇలా మజిలీ మజిలీకీ రాసుకుపోతాడు. ఆత్మకూరు నుంచి నాగలూటి, పెద్దచెరువు, భీమునికొల్లం మీదుగా శ్రీశైలం అడవి దాటుతాడు. ఉగాదికి కన్నడ భక్తులు ఇప్పటికీ నడిచి వచ్చే దారి అదే. తర్వాత కృష్ణ దాటి మన హైదరాబాదుకు వస్తాడు. ఆయన తొందరపడడు, తొందర పెట్టడు. పొద్దున నాలుగు పుటలు చదివితే ఒక మజిలీ అయ్యేది. మధ్యాహ్నం కూలర్ చప్పుడులో ఇంకో మజిలీ.

ఒక సంగతి మాత్రం ఆలస్యంగా మనసుకు పట్టింది. వీరాస్వామయ్య పల్లకీలో వెళ్లాడు. ఆ రాళ్లూ ఆ ఇసుకా తొక్కింది బోయీల పాదాలు. దారి బాగాలేదని ఆయన రాసిన చోటల్లా వాళ్ల మడమలున్నాయి. మామూలు రోజుల్లో ఈ ఆలోచన వచ్చేది కాదేమో. సలేశ్వరం దిగుడులో ఇద్దరు పడుచువాళ్ల భుజాల మీద ఎక్కి వచ్చినవాణ్ణి గనుక, వాళ్ల ఊపిరి నా చెవి పక్కనే విన్నవాణ్ణి గనుక, ఆ పుస్తకంలో బోయీల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఆగిపోయేవాణ్ణి.

మా బావమరిది చదువరి కాడు. వారం వారం వచ్చి, “బావా, జర కాలు కిందికి దించకు, ఏం గావాల్నో చెప్పు, నేను తెస్త” అంటూ చీటీ పట్టుకుపోయేవాడు. అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలో, 1901 నుంచి సుల్తాన్‌బజార్ వైపు తెలుగు పుస్తకాలకు నిలయంగా ఉన్న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయంలో, ఎక్కడ దొరికితే అక్కడ అడిగేవాడు. అట్లా వచ్చినవే ఆదినారాయణ ‘భ్రమణ కాంక్ష’, బిభూతిభూషణ్ ‘ఆరణ్యక్’కు సూరంపూడి సీతారాం తెలుగు ‘వనవాసి’. వనవాసిలో యుగళప్రసాద్ అనే మనిషి ఉంటాడు. ఎక్కడెక్కడి నుంచో పూలమొక్కలు, విత్తనాలు తెచ్చి ఎవరూ చూడని అడవి చెరువు గట్టున నాటుతుంటాడు. తనకేమీ రాదు, తనదేమీ కాదు. ఆ అడవిని రైతులకు పంచి నరికించవలసిన ఉద్యోగి కథ చెబుతుంటే, పక్కన ఇతను మొక్కలు నాటుతుంటాడు. ఆ ఘట్టం మూడుసార్లు చదివించుకున్నాను, మా అమ్మాయితో పైకి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా తిప్పిన పుస్తకం మాత్రం ‘ది చెంచూస్’. రాసింది వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి ఆయన జర్మన్ పాస్‌పోర్టుతో ఇండియాలో ఉన్నాడు. శత్రుదేశస్థుడు గనుక తిరగనివ్వలేదు, నిజాం సంస్థానం ఎల్లలు దాటకూడదన్నారు. కట్టడి పడ్డ మనిషి ఏం చేశాడు? కట్టడి లోపల ఎంత నేల ఉందో అంతా నడిచాడు. అమ్రాబాద్ గుట్టల్లో పెంటలనే చెంచు గూడేల వెంట తిరిగి రాసిన పుస్తకం 1943లో వచ్చింది. గోదావరి కొండల్లో కొండరెడ్ల గురించి 1945లో, ఆదిలాబాద్ రాజగోండుల గురించి 1948లో మరో రెండు వచ్చాయి. ఆయన భార్య బెట్టీ కూడా ఆ దారులన్నీ నడిచింది. ఆమె సమాధి ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయిలో ఉంది. ఆయన అస్థికలూ అక్కడికే చేరాయి.

ఆ పుస్తకంలో గడ్డలు తవ్వే కర్ర ఉంది, గుండ్రటి గుడిసెల గడ్డికప్పు ఉంది, నేను జారిపడ్డ కొండల వరస ఉంది. చెంచులు కొండచరియ మీద తేనె తీయడానికి తాడు పట్టుకుని దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది. చెల్లెలి పసుపుకుంకుమలు కోరేవాడు తాడు వదలడని వాళ్ల నమ్మకం. దాయాది చావు కోరు, బావమరిది బతుకు కోరు అని మనమూ అంటాం కదా. ఇది చదివి వినిపిస్తే మా బావమరిది నవ్వలేదు. కాసేపు ఊరుకుని, “మరి నేను గాక ఎవరు పడ్తరు బావా” అన్నాడు.

ఆషాఢానికి వాకర్ పట్టుకుని గదిలో తిరుగుతున్నాను. మా ఇంటి మెట్లు పాతకాలపు షాబాదు రాళ్లు, నిటారుగా ఉంటాయి. ఎక్కడం త్వరగానే వచ్చింది, దిగడానికి రోజులు పట్టింది. డాబా మీదికి ఎక్కించుకుపోతే దక్షిణాన ఫలక్‌నుమా కొండ కనిపించేది. లాల్‌దర్వాజా బోనాల డప్పు గౌలిపుర దాకా వినిపిస్తున్న రోజుల్లో, స్కాట్లాండు పంతులమ్మ నాన్ షెపర్డ్ పుస్తకం ‘ది లివింగ్ మౌంటెన్’ చదివాను. రెండో యుద్ధం రోజుల్లో రాసి, సొరుగులో దాచిపెట్టి, 1977లో అచ్చు వేయించింది. శిఖరానికి పోవాలన్న తపన ఆమెకు లేదు. కొండ లోపలికి పోవాలి, దాని నీళ్లు తాగాలి, దాని మీద పడుకోవాలి. చెప్పులు విడిచి నడవడం గురించి రాసిన చోట, కట్టు విప్పిన నా అరికాలిని ఎండకు కాగిన డాబా మీద ఆనించాను. నున్నగా, పసిపిల్లల కాలిలా అయిపోయిన చర్మానికి ఆ వేడీ గరుకూ ఒక్కసారిగా తెలిసొచ్చాయి.

ఇన్ని చదివాక నాకు పట్టిన పిచ్చి ఒకటే. సలేశ్వరం దారిని వీరాస్వామయ్యలా రాయాలి. ఎక్కడ నీడ, ఎక్కడ నీళ్లు, ఏ రాయి జారుతుంది, ముసలివాళ్లు ఎక్కడ కూర్చోవచ్చు. మా బావమరిది చిన్నప్పటి నుంచి ఏటా నడిచిన దారి అది. అతను చెబుతున్నాడు, నేను నోట్‌బుక్‌లో రాస్తున్నాను. రాంపూర్ పెంట నుంచి లోయ అంచు దాకా వచ్చాం. అక్కడ మొదటి దిగుడు చెట్టుకు ఎడమన అంటాడు అతను, కుడిన అని నాకు గట్టిగా గుర్తు. వచ్చేవారం మన్ననూరు వైపు పనుంది అతనికి. పెంటలో పెద్దమనిషి ఎవరినైనా అడిగి రమ్మన్నాను.