కిలోంపావు

పక్కింటి పాప ఐదో తరగతి. నవోదయ పరీక్ష రాయబోతోంది. రోజూ సాయంత్రం మా వరండాలో అరగంట లెక్కలు చేయిస్తున్నాను. పేపర్లో మొత్తం 80 ప్రశ్నలు, 2 గంటల టైము. అందులో లెక్కలు 20, వాటికి 25 మార్కులు.

నిన్న 3/4కి 1/2 కలపమంటే పైవి పైన, కిందవి కింద కలిపేసి 4/6 అని రాసింది. ఆప్షన్లలో అదీ ఉంది మరి! పిల్లలు ఎక్కడ జారతారో తెలిసినవాళ్ళే ఆప్షన్లు పెడతారు. వెంటనే క.సా.గు. చెప్పబుద్ధి కాలేదు.

"ముప్పావు కిలో టమాటాలకి ఇంకో అరకిలో వేస్తే ఎంతే?" అన్నాను.

"కిలోంపావు అత్తా," అంది, తలెత్తకుండానే. వాళ్ళమ్మ కూరగాయల బండి దగ్గర తూకం వేసే పిల్ల.

కాసేపు తన 4/6 వంక చూసింది. "ఇది కిలో కూడా లేదుగా!" అని తనే కొట్టేసింది. ఆ అడ్డగీత చూసి నాకెంత సంతోషమైందో చెప్పలేను. క.సా.గు. ఆ తర్వాత రెండు నిమిషాల్లో ఎక్కింది.

పావు, అర, ముప్పావు లాంటి మాటలు ఇంట్లో ఉండగా, బళ్ళో భిన్నాలు వాటితో ఎందుకు మొదలుపెట్టరో అని బాధేసింది.

ఇవాళ దశాంశాలు. బండి మీద కాటాలో 1.250 అని పడటం చూసే ఉంటుంది. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.