ముందు కాళ్ల కింద చూడండి

కొత్త జిమ్‌కి వెళ్తే మనం మొదట చూసేది అద్దాలు. తర్వాత లైట్లు, ట్రెడ్‌మిల్స్, ఏసీ ఉందా లేదా అని. సెల్ఫీ బాగా వస్తుందనిపిస్తే ఫీజు కట్టేస్తాం. నేల వైపు మాత్రం ఎవరూ చూడరు. జిమ్ పెట్టేవాళ్లలోనూ చాలామంది అంతే. అప్పు తెచ్చి మెషీన్లు కొంటారు, గోడలకు రంగులేయిస్తారు, చివర్లో మిగిలిన డబ్బుతో ఏదో ఒక మ్యాట్ పరిచేస్తారు.

మన తాతల కాలంలో లెక్క వేరు. తాలింఖానా పెట్టాలంటే ముందు గోదా సిద్ధం కావాలి. రాళ్లు ఏరేసి, మట్టి జల్లించి, నూనె, మజ్జిగ, పసుపు లాంటివి కలిపి మెత్తగా తవ్వేవారు. పడితే దెబ్బ తగలకూడదు, కాలు జారకూడదు. ఎన్నికలొస్తే ‘గోదాలోకి దిగారు’ అని ఇప్పటికీ అంటున్నాం కానీ, గోదా అంటే అసలు ఒక నేల అన్న సంగతి గుర్తురాదు.

నాకు గుర్తురావడానికి కారణం మా అన్నయ్య. హైదరాబాద్‌లో ఆరేళ్లు ట్రైనర్‌గా చేసి కూడబెట్టిందంతా పెట్టి తెనాలిలో సొంత జిమ్ మొదలెట్టాడు. మేడ మీద 900 చదరపు అడుగుల హాలు. కింద వాటాలో ఓనరుగారు, వాళ్లమ్మగారు ఉంటారు. మామ్మగారికి 80 దాటాయి. అడ్వాన్స్ ఇచ్చిన రోజే ఓనరుగారు తేల్చి చెప్పేశారు: “చూడు బాబూ, మా అమ్మ ఇబ్బంది లేదంటేనే అగ్రిమెంటు మీద సంతకం పెడతా. లేదంటే నీ డబ్బు నీకిచ్చేస్తా.” అప్పటికే మెషీన్లకు ఆర్డరు వెళ్లిపోయింది. సంతకం పడకపోతే వాటిని దించడానికి చోటే లేదు.

నేను సివిల్‌లో డిప్లొమా చేసి సైట్లలో పనిచేస్తున్నా. వారానికి నాలుగు రోజులు బరువులు కూడా ఎత్తుతా. “ఏమే ఇంజనీరూ, నేల సంగతి నువ్వు చూసుకో” అన్నాడు అన్నయ్య. సరేనన్నా.

హాల్లో ఉన్నవి విట్రిఫైడ్ టైల్స్. చూడ్డానికి బాగుంటాయి. చెమట చుక్కలు పడితే మాత్రం జారతాయి. డంబెల్ జారిపడితే పగులుతాయి. వాటినలాగే వదిలేయడం కుదరదు.

చవగ్గా దొరికేవి ఫోమ్ పజిల్ మ్యాట్లు. పిల్లలు ఆడుకునే గదుల్లో ఉంటాయే, అవే. యోగాకి, స్ట్రెచింగ్‌కి, పొట్ట వ్యాయామాలకి హాయిగా ఉంటాయి. కానీ భుజాల మీద బార్ పెట్టుకుని వాటి మీద స్క్వాట్ చేసి చూడండి. పాదం కిందికి దిగుతుంది, చీలమండ అటూ ఇటూ ఊగుతుంది. మెత్తగా ఉంటే మోకాళ్లకు మంచిదని చాలామంది అనుకుంటారు. గెంతేటప్పుడు అది కొంతవరకు నిజమే. బరువు మోసేటప్పుడు మాత్రం కాలికి కావాల్సింది కదలని నేల. పైగా బరువైన రాక్ పెడితే ఫోమ్ నొక్కుకుపోయి మళ్లీ పైకి లేవదు.

ఇక మిగిలింది రబ్బరు. జిమ్‌లలో కనిపించే నల్ల రబ్బరు చాలావరకు పాత టైర్లను పొడి చేసి, జిగురుతో కలిపి అచ్చు పోసిందే. మెషీన్లు, మామూలు వ్యాయామాల చోట 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం సరిపోతుంది. బరువులు దించే చోట 20 మిల్లీమీటర్లు, అంతకు మించి వాడతారు. కొత్తలో ఒక వాసన వస్తుంది. మన ఎండలకు అది ఇంకా ఎక్కువ. పరిచాక కొన్ని రోజులు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వాలి.

“అయితే హాలంతా 20 మిల్లీమీటర్లది వేసేద్దాం, గొడవ వదిలిపోతుంది” అన్నాడు అన్నయ్య. లెక్కేసి చూపించా. ఆ మందంలో రబ్బరు చదరపు మీటరుకు ఇంచుమించు 20 కిలోలు తూగుతుంది. 900 చదరపు అడుగులంటే సుమారు 84 చదరపు మీటర్లు. ఒక్క మెషీన్ కూడా పెట్టకముందే శ్లాబు మీద ఒకటిన్నర టన్ను దాటిపోతుంది! ఐఎస్ 875 ప్రకారం మామూలు ఇళ్ల గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. జిమ్‌కి అంతకంటే చాలా ఎక్కువ కావాలి. అదృష్టవశాత్తూ ఈ హాలు కోచింగ్ సెంటర్ కోసం కట్టింది. అయినా డ్రాయింగులు పట్టుకుని స్ట్రక్చరల్ ఇంజనీరు దగ్గరికి వెళ్లాం. గది నడిమధ్యలో బరువులు గుట్ట పోయకండి, పిల్లర్లు, బీములకు దగ్గరగా పెట్టండి అని గీసి చూపించారాయన.

అసలు పరీక్ష ఇంకా ఉంది. మామ్మగారు.

షాపుల నుంచి శాంపిల్ ముక్కలు తెప్పించాం. అన్నయ్య పైన, నేను కింద మామ్మగారి మంచం పక్కన. ఫోన్ స్పీకర్లో పెట్టి, “10 కిలోల డంబెల్ మోకాలి ఎత్తు నుంచి వదులు” అన్నా. మొదట ఫోమ్ మ్యాట్ మీద. దబ్బుమంది. “పిడుగు పడ్డట్టుందే అమ్మాయ్” అన్నారు మామ్మగారు.

తర్వాత 10 మిల్లీమీటర్ల రబ్బరు. “అసలు సౌండే లేదే!” అని పైనుంచి అన్నయ్య సంబరం. కింద మాత్రం గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. నన్ను ఆలోచనలో పడేసింది అదే. పై గదిలో వినిపించేది గాల్లో వచ్చే శబ్దం. కింది గదికి దిగేది శ్లాబు అదురు. గోడలకు ఫోమ్ అంటించినా, పాటల సౌండ్ తగ్గించినా ఆ అదురు తగ్గదు. దాన్ని డంబెల్‌కీ శ్లాబుకీ మధ్యలోనే మింగెయ్యాలి.

మూడోసారి పొరలు పేర్చాం. కింద మెత్తటి రబ్బరు, దాని మీద రెండు వరసల ప్లైవుడ్, పైన 20 మిల్లీమీటర్ల రబ్బరు. ప్లైవుడ్ దెబ్బను ఒకేచోట పడనివ్వకుండా పరుస్తుంది, కింది పొర అదురును తగ్గిస్తుంది. “ఎవరో తలుపు తట్టినట్టుంది” అన్నారు మామ్మగారు. పర్లేదు కానీ, రోజుకి వందసార్లు తలుపు తడితే ఎవరికైనా విసుగే.

అప్పుడు బయటికొచ్చి బిల్డింగ్ చూశా. హాలు ముందు భాగం కింద ఉన్నది మామ్మగారి గది కాదు, స్కూటర్లు పెట్టుకునే చోటు. పొరలన్నీ అక్కడికి మార్పించి మళ్లీ వదలమన్నా. కాసేపాగి మామ్మగారు అడిగారు: “ఇంతకీ వేశాడా, ఇంకా లేదా?”

అంతే, ప్లాన్ మారిపోయింది. స్కూటర్ల పైన బరువులు, అక్కడొక 8 అడుగుల చదరపు ప్లాట్‌ఫామ్. 8 బై 4 ప్లైవుడ్ షీట్లు ఒక్కో వరసకి రెండేసి, పై వరస అడ్డంగా, అతుకులు ఒకదాని మీద ఒకటి రాకుండా. మధ్యలో మెషీన్లు, 8 మిల్లీమీటర్ల రబ్బరు. మామ్మగారి గది పైన యోగా, ఫోమ్ మ్యాట్లు. మొత్తం మందంగా వేసేదానికంటే డబ్బు తక్కువే అయింది. అగ్రిమెంటు మీద సంతకమూ పడింది.

ఒక్క షరతు: పైనుంచి బార్ వదిలేయడం నిషేధం. రీల్స్ చూసి కుర్రాళ్లు అలిగారు. ఒలింపిక్స్‌లో వదిలేస్తారుగా అని వాదించారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మన కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం గెలిచినప్పుడు ఆమె కాళ్ల కింద ఉన్నది అందుకోసమే కట్టిన ప్లాట్‌ఫామ్. పోటీల్లో దాని కొలత 4 మీటర్ల చదరం. దాని కింద ఏ మామ్మగారూ పడుకోరు.

మీరు జిమ్ పెట్టకపోవచ్చు. ఇంట్లో ఓ మూల రెండు డంబెల్స్‌తో మొదలెడుతున్నా, ముందు కింది ఫ్లోర్‌లో ఆ చోట ఏ గది ఉందో కనుక్కోండి. అద్దె ఇల్లయితే రబ్బరును జిగురుతో అంటించకండి, బరువైన టైల్స్ వాటంతటవే కదలకుండా ఉంటాయి. వినైల్ ఫ్లోరింగ్ మీద నేరుగా రబ్బరు పరిస్తే పసుపు మరకలు పడొచ్చు, మధ్యలో ప్లైవుడ్ వేయండి. తుడవడానికి యాసిడ్, కిరోసిన్ వద్దు, కొద్దిగా సబ్బు నీళ్లు చాలు.

జిమ్‌లో చేరబోతున్నారా? ఫీజు అడిగేలోపు షూస్‌తో ఒకసారి నేల మీద గట్టిగా రాసి చూడండి. తడి గుడ్డతో తుడిచిన చోట కూడా రాయండి. జారిందా, ఇంకో జిమ్ చూసుకోండి.