లేని పదిహేనుమంది వంతు

మైక్రోప్రాసెసర్ ల్యాబులో 8085 కిట్టు ముందు కూర్చుని, రెండు సంఖ్యలు కూడి, రికార్డు మీద సంతకం పెట్టించుకుని బయటపడని వాళ్ళు మన కాలేజీలో తక్కువ. "ఇదంతా దేనికండీ?" అని గొణుక్కోని వాళ్ళు మరీ తక్కువ. నాకు మాత్రం అది ఆట ఆడుకోవడానికి పనికొచ్చింది. నవ్వకండి.

8085కి అన్నగారు 8080. జపానులో టైటో కంపెనీవారు 1978లో విడుదల చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఆటయంత్రంలో ఉన్నది ఆ చిప్పే. సృష్టికర్త తొమోహిరో నిషికాదో. వరసకి 11 చొప్పున 5 వరసలు, మొత్తం 55 గ్రహాంతర జీవులు. కింద మనకి ఒక్క తుపాకీ. అవి పక్కకి జరుగుతూ, అంచు తగలగానే ఒక మెట్టు దిగుతూ మన నెత్తిమీదకి వస్తుంటాయి.

దాన్ని నింటెండోవారి 1989 నాటి 'గేమ్ బాయ్' అనే చేతియంత్రంలోకి దించాలని కిందటి వేసవి సెలవుల్లో పూనుకున్నాను. ఇదివరకే దించినవాళ్ళున్నారు. ఉంటేనేం, గుత్తివంకాయ అందరూ వండుతారని మనం మానేస్తామా? దాని ప్రాసెసరూ 8080 వంశంలోదే గనక ల్యాబు చదువు నేరుగా అక్కరకొచ్చింది.

చిక్కంతా తెర దగ్గర. పెద్ద యంత్రం తెర అడ్డం 224 చుక్కలు, నిలువు 256. చేతియంత్రానిది అడ్డం 160, నిలువు 144. ఒక్కో జీవికి 16 చుక్కల జాగా వేసుకుంటే 11కి 176 కావాలి. "అన్నిటినీ కుదించి పారెయ్యరా" అన్నాడు మా రూమ్మేటు. కుదిస్తే ఆ పచ్చటి తెర మీద జీవికీ దుమ్ముకీ తేడా తెలీదు. వరసకి 8 చేశాను. 224లో 176 ఎంత భాగమో, 160లో 128 ఇంచుమించు అంతే. మొత్తం 40. బొమ్మలు కదపడానికి ఆ యంత్రం ఇచ్చే స్ప్రైట్లు కూడా సరిగ్గా 40. అన్నీ వీటికే ఇస్తే తుపాకీకీ గుండుకీ ఏం మిగలవు. అందుకని జీవుల్ని వెనక తెర పలకల మీద గీశాను.

అసలు కథ వేగంది. పాత యంత్రంలో ఫ్రేముకి ఒక్క జీవే జరుగుతుంది. సెకనుకి సుమారు 60 ఫ్రేములు. 55 ఉన్నప్పుడు ఒక్కోదానికి వంతు రావడానికి దాదాపు సెకను. చచ్చేకొద్దీ వంతు త్వరగా వస్తుంది. చివరికి మిగిలిన ఒక్కటీ ప్రతి ఫ్రేములోనూ పరుగే. వేగం పెంచమని ఎవరూ రాయలేదు, చిప్పు ఓపిక అంతే మరి. అది బాగుందనిపించి నిషికాదో అలాగే ఉంచేశాడు. భయమంతా అక్కడే ఉంది.

మరి 40తో మొదలెడితే? మొదటినించే తొందర. "ఎవడు చూస్తాడు?" అన్నాడు రూమ్మేటు. మా మావయ్య చూశాడు. 1980లలో హైదరాబాదు వీడియోగేమ్ పార్లర్లలో చిల్లరంతా పోగొట్టుకున్న మనిషి. రెండు నిమిషాలు ఆడి, "ఒరే అల్లుడూ, ఇవి మొదట్లో బద్ధకంగా ఉండాలిరా. మనం కొట్టేకొద్దీ కోపం రావాలి" అన్నాడు.

దాంతో లేని 15 మందికీ వంతులిచ్చాను. అంటే 15 ఖాళీ ఫ్రేములు. కానీ వాటిని చివరిదాకా ఉంచితే ఆఖరి జీవి కుంటుతుంది. బతికున్నవాళ్ళతోపాటు లేనివాళ్ళూ తగ్గాలి. మిగిలినవాటిని 3తో హెచ్చించి, 8తో భాగించి, శేషం వదిలెయ్యడమే. 40కి 15 వస్తుంది, ఒకటికి సున్నా. 40 మూళ్ళు 120, ఒక్క బైటులో పడుతుంది. 8తో భాగించడమంటే కుడివైపుకి మూడుసార్లు జరపడం. మూడో ప్రయోగం రికార్డు తిరగేస్తే ఇదే కనిపిస్తుంది.

మావయ్యకి మళ్ళీ ఇచ్చాను. ఆఖరిది పరుగందుకునేసరికి టీ చల్లారిపోతోందని అత్తయ్య రెండుసార్లు పిలిచినా పలకలేదు. ఇంక చప్పుడు సంగతి మిగిలింది. పాతదాంట్లో గుండె కొట్టుకున్నట్టు నాలుగే స్వరాలు. వాటినీ ఈ వంతులకే కట్టాలి.