మైనస్ ఒకటిన్నర

ఇంటర్మీడియెట్‌లో కాలిక్యులేటర్ ముట్టుకోనివ్వరు. ఎంసెట్‌లోనూ అంతే. రెండేళ్ళపాటు గుణకారాలూ భాగహారాలూ అన్నీ రఫ్ షీటు మీదే. బీటెక్‌లో చేరామో లేదో, అందరి బ్యాగుల్లోకీ క్యాసియో ఎఫ్‌ఎక్స్-991ఎమ్‌ఎస్ వచ్చేసింది. దాని మీద ఇంటిగ్రల్ గుర్తున్న బటన్ కనిపించిన రోజు మా హాస్టల్లో పండగే. అయినా పరీక్షలో దానికి పెద్ద పనుండేది కాదు. స్టెప్పులన్నీ చేత్తో రాసి, చివర్లో జవాబు సరిచూసుకోవడం, అంతే. మార్కులు స్టెప్పులకి కదా!

ఇప్పుడు ఆ స్టెప్పులు కూడా యంత్రమే రాసిస్తోంది. మా పిన్ని కూతురు బీటెక్ రెండో సంవత్సరం. ఎమ్-1 బ్యాక్‌లాగ్ ఉండిపోయింది, లెక్కలంటేనే విసుగొచ్చేసింది. మొన్న ఫోన్లో అడిగింది. "అన్నయ్యా, ఫోటో తీస్తే స్టెప్స్‌తో సహా వచ్చేస్తోంది. మరి నేనెందుకు నేర్చుకోవడం?"

బద్ధకం కొద్దీ అడిగిన మాట కాదది. లెక్క చెయ్యడమంటే స్టెప్పులు రాయడమేనని పదేళ్ళుగా నేర్పిందీ మనమే. లెక్కలు చేస్తే మెదడు పదునెక్కుతుందని పెద్దవాళ్ళు చెప్పే జవాబు నాకెప్పుడూ రుచించలేదు. అందుకని ఆ పిల్లకి ఓ లెక్కిచ్చాను. ఒకటి బై ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ 1 నుంచి 2 దాకా ఇంటిగ్రేట్ చెయ్యమన్నాను.

చేత్తో నిమిషం పట్టలేదు. సూత్రం, పై హద్దు, కింది హద్దు, తీసివేత. జవాబు మైనస్ ఒకటిన్నర. సరే, ఇప్పుడు కాలిక్యులేటర్లో చూడమన్నాను. తన దగ్గరా మా రోజుల నాటి మోడలే ఉంది, ఎవరో సీనియర్ ఇచ్చి వెళ్ళారట. అది లోపల సింప్సన్ సూత్రం వాడుతుంది. హద్దుల మధ్య దూరాన్ని 2 పవర్ ఎన్ ముక్కలు చేస్తుంది. ఆ ఎన్ ఎంతో మనమే చెప్పొచ్చు. ఎన్ 2 అంటే 18.95 వచ్చింది. 3 అంటే 39.44. 4 అంటే 80.38.

"వీటిల్లో ఏది రైటు అన్నయ్యా?"

ఏదీ కాదు. స్క్వేర్ ఉంది కాబట్టి ఆ ఫంక్షన్ ఎక్కడా సున్నా కిందికి దిగదు. దాని కింది వైశాల్యం మైనస్ ఎలా అవుతుంది? జియోజీబ్రాలో గీసి చూస్తే క్షణంలో తెలిసిపోతుంది. ఎక్స్ సున్నా దగ్గర గీత ఆకాశానికి లేచిపోయింది, వైశాల్యానికి అంతే లేదు. సూత్రం ఆ సున్నాని దాటేసి పోయింది. కాలిక్యులేటర్ కూడా దాన్ని చూడలేదు, ఎందుకంటే 3 పొడవుని 2, 4, 8, 16 ముక్కలుగా ఎంత కోసినా కత్తి సరిగ్గా సున్నా మీద పడదు. మైనస్ 1 నుంచి 1 దాకా అడిగుంటే మధ్యలో సున్నా తగిలి, మ్యాథ్ ఎర్రర్ అని ఒప్పుకునేది. ఇక్కడ ముక్కలు సన్నబడే కొద్దీ సున్నాకి దగ్గరవుతోంది, జవాబు ఇంచుమించు రెట్టింపవుతోంది. ఎన్ మార్చి చూడాలని తోచకపోతే మొదటి అంకెనే నమ్మేస్తాం. మాక్సిమా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ని అడిగితే ఇది డైవర్జెంట్ అని మొహం మీదే చెప్పేస్తుంది. కానీ ఎందుకు అలా అందో బొమ్మ చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఈ బొమ్మల సంగతే మా చదువులో లేదు. స్క్వేర్ వేవ్‌కి ఫోరియర్ సిరీస్ ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు. బీఎన్ రాగానే కింద రెండు గీతలు కొట్టి పక్క లెక్కకి పోయేవాళ్ళం. ఉద్యోగంలో చేరాక, పైథాన్ నేర్చుకుంటూ ఓ ఆదివారం ఆ సిరీస్‌ని గీయించాను. 5 టర్మ్‌లు, తర్వాత 50, తర్వాత 500. అల చదునవుతోంది కానీ, మైనస్ 1 నుంచి 1కి ఎగిరే చోట కొమ్ములా ఓ మొన మిగిలిపోతోంది. టర్మ్‌లు పెంచితే సన్నబడుతుందే గానీ పొట్టిదవదు. 1 దగ్గర ఆగాల్సిన అల 1.18 దాకా పోతుంది. గిబ్స్ 1899లో వివరించిన సంగతి ఇది. అంతకు ముందు ఏడాదే మైకెల్‌సన్, స్ట్రాటన్ కలిసి స్ప్రింగులూ పళ్ళచక్రాలతో 80 టర్మ్‌లు కూడి గీసే యంత్రం చేశారు. వందేళ్ళ క్రితమే యంత్రం గీసి చూపించగలిగిన బొమ్మని మా క్లాసులో ఎవరూ చూడలేదు.

మ్యాట్‌లాబ్ పుట్టిందే కాలేజీ పిల్లల కోసం. 1970ల చివర్లో క్లీవ్ మోలర్ తన విద్యార్థులు ఫోర్‌ట్రాన్ గొడవ లేకుండా మాట్రిక్సులతో పనిచేసుకోవాలని రాశాడు. మా ల్యాబ్‌లో మాత్రం సీనియర్ల రికార్డు చూసి టైపు కొట్టి, ప్రింటు అతికించి సంతకం పెట్టించుకునేవాళ్ళం. ఏ ఒక్క అంకె మార్చినా మార్కులు పోతాయని భయం. మరి అంకెలు మార్చి చూడ్డానికే కదా అది ఉన్నది!

చెల్లి సప్లీకి ఇంకా మూడు వారాలుంది. పేపర్లో ఎలాగూ స్టెప్పులే అడుగుతారు కనుక రోజూ చేత్తో నాలుగు లెక్కలు చేస్తోంది. ఐదోది మాత్రం కాలిక్యులేటర్‌ని బోల్తా కొట్టించేది తనే వెతుకుతోంది. నిన్న పంపింది టాన్ ఎక్స్, సున్నా నుంచి 2 దాకా. సూత్రంతో చేస్తే 0.877, చూడ్డానికి బుద్ధిగానే ఉంది. డిగ్రీల మోడ్‌లో వదిలేస్తే 0.035. "రెండూ తప్పేగా? మధ్యలో పై బై టూ ఉంది" అని కింద రాసింది.