నీరు వెదకిన దారి

పాత తెరచాప పడవకు అడుగునుండి వచ్చే నీటికంటే పైనుండి కారే నీరే ఎక్కువ చేటు చేస్తుంది. అడుగున చేరిన నీరు కంటికి కనబడుతుంది, పంపుతో తోడివేయవచ్చు. కిటికీ అంచున బొట్టుబొట్టుగా ఇంకే నీరు మాత్రం ఏళ్ల తరబడి డెక్కును లోలోపల తినేస్తుంది.

1959లో న్యూయార్క్ పడవల ప్రదర్శనకు వచ్చిన ట్రైటన్ వంటి నమూనాలతో అమెరికా మధ్యతరగతికి ఫైబర్‌గ్లాస్ పడవలు అందివచ్చాయి. ఆ కాలపు పడవల్లో అనేకం డెక్కు మూడు పొరలుగా ఉంటుంది: పైనా కిందా ఫైబర్‌గ్లాస్, నడుమ బాల్సా చెక్క. బరువు తక్కువ, బిగువు ఎక్కువ. ఫైబర్‌గ్లాస్ కుళ్లదు గాని, తడిసిన బాల్సా కుళ్లుతుంది.

చెసపీక్ అఖాతంలో నా మిత్రుడికి 1970ల నాటి 28 అడుగుల పడవ ఒకటుంది. వారాంతాల్లో నేనూ దానిమీద వెళుతుంటాను. మోకాలి శస్త్రచికిత్స తరువాత ఆయన భార్య అణియం వైపు, అంటే పడవ ముందుకొనకు, నడవడం మానేశారు. డెక్కుమీద అచ్చుపోసిన గరుకు గళ్లు అరిగి నున్నబడ్డాయి. మంచు కురిసిన ఉదయం అది పాచిపట్టిన మెట్టులా ఉండేది. ఆమె రాని పడవ తనకెందుకని, దానిని ముక్కలు చేయించడానికి ఆయన సిద్ధపడ్డారు.

రెండేళ్ల క్రితం వసంతంలో పని మొదలుపెట్టాం. కుండ కొనేముందు వేలితో కొట్టి చూసినట్టు, డెక్కు నలుమూలలా ప్లాస్టిక్ సుత్తితో తట్టాం. గట్టిచోట ఖణేల్ మంది, కుళ్లినచోట మూగబోయింది. మూగచోట్లన్నీ కిటికీలకు దిగువనే ఉన్నాయి. జారుడూ కారుడూ వేర్వేరు జబ్బులుగా కనిపించినా, మందు ఒకే వరుసలో పడాలని అప్పుడు తేలింది.

ముందు కిటికీలు ఊడదీశాం. పైపొర కోసి, తడి కాఫీపొడిలా రాలిన చెక్కను తీసివేసి, కొత్త బాల్సాను ఎపాక్సీతో అతికించాం. మరల రంధ్రాలను పెద్దవిగా తొలిచి, చిక్కని ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక మధ్యలో మళ్లీ తొలిచాం. ఇక మరపక్కన నీరు దిగినా చెక్కను తాకలేదు.

తరువాత రంగు. ఎప్పుడో పూసిన సిలికోన్ ఆనవాళ్లను గీకి తుడవడానికే రెండు రోజులు పట్టింది. అది ఉన్నచోట రంగు అంటుకోదు. గరుకుకోసం ఇసుక కలపవచ్చు, కాని అది మోకాళ్లను గీరుతుంది. అందుకే సన్నని ప్లాస్టిక్ పూసలు కలిపాం. నీరు సాగిపోవడానికి అంచుల్లో నున్నని బాట వదిలాం. తెలుపు కళ్లకు కొడుతుంది, ముదురురంగు అరికాళ్లను కాలుస్తుంది కనుక లేత బూడిదరంగు వేశాం.

కిటికీలు చివర. మీటరు పొడవున్న యాక్రిలిక్ పలక 40 డిగ్రీల తేడాకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అల్యూమినియం చట్రం అందులో మూడోవంతే. ఆ రెంటినీ బిగించి కట్టిపడేస్తే ఏదో ఒకటి ఓడుతుంది. కనుక పలకను కాస్త చిన్నదిగా కోసి, ఎన్నటికీ గట్టిపడని బ్యూటైల్ టేపు మీద కూర్చోబెట్టి, మరలను కొద్దికొద్దిగా, రోజు విడిచి రోజు బిగించాం. ఒక్కసారే బిగిస్తే టేపంతా బయటికి వచ్చి, లోపల ఆపడానికేమీ మిగలదు.

ఆ శరత్తులో మూడు రోజులు ఎడతెగక వాన కురిసింది. క్యాబిన్ గోడకు అంటించిన కాగితపు తువాలు పొడిగానే ఉంది. వాన వెలిశాక ఆమె వచ్చారు. కుడిచేతితో తీగ పట్టుకుని కొంతదూరం నడిచి, తరువాత దానిని వదిలేసి అణియం దాకా వెళ్లారు. ఆయన ఏమీ అనలేదు. లంగరు తాడు విప్పమని ఆమెకే పురమాయించారు.