పరీక్ష తప్పిన ఆట

రాజమండ్రి నుంచి ధవళేశ్వరం, కడియం మీదుగా బయల్దేరితే దారి పొడవునా పూల నర్సరీలే. కడియం దాటాక మురమండ. ఇంకా ముందుకెళ్తే ద్రాక్షారామం, ఆపైన కోటిపల్లి. రేవు దాటితే ముక్తేశ్వరం, అక్కణ్నుంచి ముమ్మిడివరం. యాత్రికులకు ఇవి గుళ్ళూ, రేవులూ, కొబ్బరితోటలూ. తెలుగువారి నాట్యం ఎక్కడ పెరిగిందని అడిగేవారికి మాత్రం ఇది కళావంతుల దారి!

ఒకే మాట... పది భావాలు

ద్రాక్షారామం భీమేశ్వరాలయంలోని శాసనాలు చదివితే గుడి సానుల ప్రస్తావన కనిపిస్తుంది. ఆ పరంపరే తర్వాతి కాలంలో గుళ్ళతోపాటు జమీందారుల ఇళ్ళకీ, పెళ్ళి పందిళ్ళకీ మేళంగా వెళ్ళింది. పశ్చిమ గోదావరిలోని బల్లిపాడు మదనగోపాలస్వామి గుడి సేవలో పెరిగినవారే సరిదె మాణిక్యం. ఇటు ముమ్మిడివరంలో అన్నాబత్తుల వారి మేళానిది పెద్ద పేరు.

మేళం ఆటలో స్వరజతులు, వర్ణాలు, పదాలు, జావళీలు, భామాకలాపం ఉండేవి. అసలు పరీక్ష పదం దగ్గర! ఆడేవారే పాడుతూ క్షేత్రయ్య పదంలోని ఒక్క పాదం అందుకుంటారు. ఒకసారి అందులో అలక, మరోసారి ఎత్తిపొడుపు, ఇంకోసారి పాత జ్ఞాపకం. మాట అదే, చూపు మారుతుంది. లేచి ఆడనక్కర్లేదు, కూర్చునే పండించొచ్చు. వయసు అడ్డు కాదు. నిన్న చేసినట్టే ఇవాళా చేస్తే రసికుడికి చప్పగా ఉంటుంది. కొత్తగా ఏం చేసిందన్నదే అక్కడి కొలమానం.

ఢిల్లీ ముందు నిలబడితే...

భోగం మేళాలపై గట్టిగా గొంతెత్తిన కందుకూరి వీరేశలింగం పంతులుగారిదీ రాజమండ్రే. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. పోషకుల దయమీద బతుకు నెట్టుకురావాల్సిన ఆడపిల్లల కష్టం కట్టుకథ కాదు. 1947లో మద్రాసు ప్రభుత్వం ఆలయాలకు ఆడపిల్లలను అంకితం చేయడాన్ని నిషేధించింది. 1956లో ఆంధ్ర రాష్ట్రం చేసిన సవరణతో పెళ్ళిళ్ళలో, వేడుకల్లో మేళం ఆడటమూ నేరమైంది. చట్టం ఆటను ఆపింది. ఆడినవారికి మరో వేదిక మాత్రం చూపలేదు.

సరిగ్గా అదే కాలంలో దేశం శాస్త్రీయ నృత్యాల లెక్క తీస్తోంది. 1958లో సంగీత నాటక అకాడమీ ఢిల్లీలో నృత్య సదస్సు పెట్టింది. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో కూచిపూడి సదస్సు జరిగింది. ఒక రకంగా ఇది తెలుగు నాట్యానికి జరిగిన ఆడిషన్! మగవారు ఆడవేషం కట్టిన కూచిపూడి అందులో నిలిచింది. స్త్రీలు నేర్చుకున్నారు, ఏకపాత్ర అంశాలు పెరిగాయి. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో అకాడమీ పెట్టారు. అది గర్వించదగ్గ కథే. కానీ తరతరాలుగా ఆడవాళ్ళే ఆడిన నాట్యం ఆ వరుసలోకి రాలేదు. జావళీలోని ఘాటైన శృంగారం, పాటను అప్పటికప్పుడు పెంచుకుంటూ పోయే స్వేచ్ఛ... ఇవేవీ కొత్త వేదిక కోరుకున్న ‘మర్యాద’లో ఇమడలేదు. చాలా ఇళ్ళలో గజ్జెలు మూటగట్టేశారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు గుర్తొచ్చి పాత పేరు ఎత్తకపోవడమే మేలనుకున్నారు.

వెతుక్కుంటూ వచ్చినవారు

ఆ మూటలు విప్పించడానికి ఊరూరా తిరిగినవారు నటరాజ రామకృష్ణ (1923-2011). వయసుమళ్ళిన కళాకారిణులను వేదికెక్కించి, వారి సంపదకు ఆంధ్రనాట్యమని పేరు పెట్టి కొత్త తరానికి అందించారు. తర్వాత స్వప్నసుందరి మద్దుల లక్ష్మీనారాయణ దగ్గర ఈ విద్య నేర్చుకుని విలాసినీ నాట్యంగా ప్రదర్శించారు. నాట్యం తిరిగొచ్చింది. అయితే కొత్త పేరుతో, ఎక్కువగా కొత్త మనుషులతో! దాన్ని కడుపులో దాచుకున్న ఆడవాళ్ళలో చాలామంది మాత్రం ఊళ్ళోనే ఉండిపోయారు.

2010 డిసెంబరులో హైదరాబాద్‌లో 2,850 మంది ఒకేసారి కూచిపూడి తిల్లానా ఆడి గిన్నిస్ రికార్డు సృష్టించారు. అందరి అడుగూ ఒకేసారి పడటం ఒక అందం, కాదనలేం. ఇవాళ గోదావరి జిల్లాల నుంచి టీవీ డ్యాన్స్ షోలకు బయల్దేరే పిల్లలూ అదే నేర్చుకుని వెళ్తున్నారు. ఒకే లెక్క, ఒకే నవ్వు, కొలిచినట్టు ఒకే ఒళ్ళు. తేడాగా ఉంటే ఇంటికే!

ఈసారి ద్రాక్షారామం వెళ్తే దర్శనమయ్యాక మండపంలో కాసేపు కూర్చోండి. ఈ దారిలో ఆడినవారికి ‘అచ్చం నిన్నటిలాగే చేశావే’ అంటే అది మెచ్చుకోలు కాదు... తిట్టు!