అన్న ప్రయాణం

మా ఎల్లారెడ్డి వైపు నుండి గల్ఫ్ పోవడం కొత్త కాదు. ఈసారి మాత్రం పోయేది మా అన్న. కామారెడ్డిలో ఆయనది అద్దాల పని. అద్దంపై స్టిక్కర్ అంటించి, బ్లేడుతో నెమలిని కోసి, కోసిన చోట గాలితో ఇసుక కొడితే ఆ మేర అద్దం తెల్లబారి నెమలి లేస్తుంది. చూడాల్సిన పనితనం అది!

ఈ నెలంతా పరుగే. పగలు మెడికల్, ఫోటోలు, కాగితాలు. రాత్రి ఒప్పుకున్న తలుపుల అద్దాలు. మా చదువుల కోసం తొమ్మిదిలోనే బడి మానిన మనిషి. పదో తరగతి లేదు కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ అని ఉంది. 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం దుబాయి కొలువుకు ముందుగా క్లియరెన్స్ కావాలి. ప్రవాసీ భారతీయ బీమా కూడా కట్టాలి. రెండేళ్లకు పన్ను కాక రూ.275, ప్రమాదంలో పోతే రూ.10 లక్షలు. ఆ రెండో మాట అమ్మకు చెప్పలేదు.

ఒప్పంద పత్రం మేమే చదివి వినిపించాం. హోదా దగ్గర 'హెల్పర్' అని ఉంది. నెమళ్ల ఊసే లేదు. అన్న ఏమీ అనలేదు. జీతం రాసిన చోట వేలు పెట్టి, "గిది ఇంకోసారి సదువుండ్రి" అన్నాడు.